ముప్పై ఎనిమిదో నంబరు

కంప్యూటర్లు కొత్తగా మన్యం కొండల్లోకి వచ్చిన రోజుల్లో, హుకుంపేట వైపు కాఫీ మొక్కలు పంచే ఒక చిన్న ఆఫీసులో నేను ఆపరేటర్ని. ఉన్నది ఒకే పెట్టె, దాన్ని ముట్టుకునేది నేనొక్కదాన్నే. ఆ గర్వంతో నా కాలు నేలమీద నిలిచేది కాదు. ఎవరైనా తెర మీద వేలు పెడితే కసురుకునేదాన్ని.

అక్కడి ఊళ్లలో పిల్లలకు పుట్టిన వారం పేరే పెడతారు. వారానికి ఏడు రోజులే కదా, గట్టిగా ఒక పేరు పిలిస్తే వరండాలో పది మంది లేచేవారు. అందుకని రైతులందరికీ నంబర్లు వేసి చీటీలిచ్చాం. నంబరు కొట్టి వెతికితే చాలు, ఎన్ని మొక్కలు రావాలో, తీసుకున్నారో లేదో ఆ వరుసలోనే కనిపిస్తుంది. ఈ ఉపాయం నాదే. తెగ మురిసిపోయాను.

ఆ వానాకాలం ఒకావిడ 38 అని రాసిన చీటీతో వచ్చింది. నంబరు కొట్టాను. వెతుకులాట ఒక గడి దగ్గర ఆగింది. పక్కన ఆవిడ పేరే ఉంది, ఆ పక్కన 'తీసుకున్నారు' అని ఉంది.

"నీ మొక్కలు తీసేసుకున్నావు కదప్పా," అన్నాను. అక్కని అక్కడ అప్ప అనే పిలుస్తారు.

"నానెప్పుడు తీసుకున్నాను?"

"కంప్యూటర్ అబద్ధం చెప్పదు," అని పంపేశాను. మరుసటి వారం మళ్లీ వచ్చింది, మళ్లీ అదే జవాబు ఇచ్చాను. అంత కొండ దిగి వచ్చిన మనిషి, చీటీ కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

మూడోసారి వచ్చేసరికి ఆఖరి లోడు వ్యాన్ గుమ్మంలో ఉంది. అది పోతే మళ్లీ ఏడాది వానల దాకా మొక్కల్లేవు. నేను విసుక్కుంటూ అదే వరుస చూపించాను. చదువు రాని ఆవిడ చీటీ విప్పి తెరకు ఆనించి పెట్టింది.

"ఇటు సూడు గుంటా. నా సీటీలో రెండంకెలున్నాయి. నీ పెట్టెలో మూడున్నాయేటి?"

చూశాను. 138.

38 వెతకమంటే ఆ రెండంకెలు ఎందులో ఇరుక్కుని ఉన్నా పట్టుకొచ్చి చూపిస్తోంది ఆ పెట్టె! ఊళ్లవారీగా నేను సర్దిన పట్టికలో పై ఊరి 138 ముందుంది, ఈవిడ వరుస వెనకుంది. పై ఊరామె కూడా అదే వారం పుట్టింది. పేరు కలిసింది కదా అని నేను నంబరు వంక చూడనే లేదు. గడి మొత్తం సరిపోతేనే చూపించమని టిక్కు పెట్టి మళ్లీ వెతికాను. ఈసారి ఒకే వరుస వచ్చింది. నాలుగు వందల మొక్కలు, 'ఇవ్వలేదు'.

అప్పటికే వ్యాన్ కదిలింది. చెప్పులు వదిలేసి బురదలో పరుగెత్తాను. డ్రైవర్ నవ్వుతూ ఆపాడు.

"ఏటి మేడం, మిమ్మల్ని కూడా ఎక్కించుకోమంటారేటి?"

"ఆపావు కదా, ఎక్కుతాను," అన్నాను ఉక్రోషంగా. ఆవిడ వాటా మొక్కలు ఆ లోడులోనే ఉన్నాయి. ఆవిడా నేనూ ఎక్కాం. దారంతా ఆవిడ మూడు వేళ్లు చూపించి, ఒకటి మడిచి, నవ్వుతూనే ఉంది. సిగ్గుతో చితికిపోయాను. అయినా నవ్వు ఆగలేదు, ఆ వానలో అంత హాయిగా ఎన్నడూ నవ్వలేదు.

ఊరు చేరాక నన్ను కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల కిందికి తీసుకెళ్లింది. వాలు పొడుగునా గోతులే. నాలుగు వందలూ తవ్వి ఉన్నాయి.

"ఎప్పుడు తవ్వావప్పా?" అన్నాను.

"నువ్వు మొదటిపాలి నేదని పంపీసిన మర్నాటి నుంచీ తవ్వుతన్నాను. నా మొక్కలు నాకు రావేటి?"

కొంగు దోపుకుని వ్యాన్ దగ్గరికి వెళ్లి, మొదటి బుట్ట నెత్తికెత్తుకున్నాను.