ఆడవాళ్ల పేర్ల ఎదురుగా

కల్వకుర్తి బస్టాండులో దిగగానే ఉడికిన పల్లీల వాసన వస్తుంది. వెంటనే ప్రమీల మేడం గుర్తుకొస్తారు. ఆమె డిగ్రీలో మాకు ఇంగ్లిష్ చెప్పేవారు. సొంతూరు నల్లగొండ వైపు. మధ్యాహ్నం స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి, పల్లీలు ఒలుచుకుంటూ మా సందేహాలు తీర్చేవారు. నేను అడిగే రకం కాదు. వెనక నిలబడి విని, ఇంటికెళ్లి డైరీలో రాసుకునేదాన్ని.

రెండో ఏడాది మాకొక పాత ఇంగ్లిష్ నవల పాఠంగా ఉండేది. అందులో ఒకమ్మాయి ఏమాత్రం ఇష్టం లేని మనిషిని, అతనికి ఇల్లూ నిలకడైన రాబడీ ఉన్నాయని పెళ్లి చేసుకుంటుంది. క్లాసంతా నవ్వింది. అతనికి ఏడాదికి ఇన్ని పౌండ్లని మేడం చదివితే మాత్రం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మక్తల్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే స్వరూప లేచింది.

"గా పౌండ్లు మాకెట్ల తెలుస్తయి మేడం? ఎకరాలెన్నో చెప్పుండ్రి. బోరున్నదా? నీళ్లు పడ్డయా?"

మేడం విసుక్కోలేదు. బోర్డు మీద నవలలోని మగవాళ్ల పేర్లు రాసి, ఎదురుగా ఎవరి భూములు వాళ్లకు రాశారు. కింద ఆడవాళ్ల పేర్లు రాసి, వాటి ఎదురుగా ఏమీ రాయకుండా సుద్దముక్క పక్కన పెట్టారు.

"తండ్రి పోతే ఆ పిల్లకు ఉండెతందుకు జాగా లేదు. చేసెతందుకు నౌకరీ లేదు. ఇగ గిప్పుడు నవ్వుండ్రి" అన్నారు.



చివరి ఏడాది నాకు ఆత్మకూర్ సంబంధం వచ్చింది. కాలువ కింద భూమి, రెండు పంటలు. వర్షాన్ని నమ్ముకుని బతికిన మా బాపుకు అంతకంటే ఏం కావాలి? నాకేమో బీఎడ్ చేసి టీచర్ కావాలని ఉండేది. పెళ్లయితే ఆ చదువు ఉండదని వాళ్లు ముందే చెప్పారు. ఏం చేయమంటారని మొదటిసారి మేడంను నోరు తెరిచి అడిగాను.

"వద్దని నాతోని చెప్పిద్దామనుకుంటున్నవా? నేను చెప్ప" అన్నారామె. "నీళ్లున్న భూమి చిన్న మాట గాదు. కానీ ఆ ఇంట్ల ఆడోళ్ల పేరు మీద ఏమున్నదో అడుగు. అడిగినంక నీ ఇష్టం."

పెళ్లిచూపుల్లో అబ్బాయి తల్లి, అందరూ అడిగినట్టే, "ఏమన్న అడుగుతవా బిడ్డా?" అంది. తల అడ్డంగా ఊపడం మా దగ్గర మర్యాద.

"మీ పేరు మీద భూమి ఎంత ఉన్నదమ్మా?" అన్నాను.

"పిల్ల భూముల లెక్క రాసే పట్వారీ తీరుగనే ఉన్నది గదా" అన్నాడు అబ్బాయి బావ. మగవాళ్లు నవ్వారు. బాపు నేల వైపు చూశాడు. ఆ తల్లి నవ్వలేదు.

"గుంట భూమి గూడ లేదు బిడ్డా. గిట్ల అడగొచ్చని గూడ నాకెర్క లేదు."

వాళ్ల నుంచి మళ్లీ కబురు రాలేదు. కొన్నాళ్లకు బాపే, "నీ పేరు మీద నౌకరీ అన్న ఉండాలె" అని బీఎడ్‌లో చేర్పించాడు. ఇప్పుడు టీచర్‌గా పనిచేస్తున్నాను.

అప్పట్లో తప్పిపోయిన ఆ సంబంధం మా దూరపు చుట్టాలమ్మాయికి కుదిరింది. పెళ్లికి వెళ్తే ఆ తల్లి నన్ను గుర్తుపట్టి పక్కకు పిలిచింది.

"కోడలి పేరు మీద ఎకరం రాయించిన. లడాయి చేసి రాయించిన."

"మరి మీ పేరు మీద?"

"నాకెందుకు బిడ్డా, ఇగ" అని వడ్డనల వైపు వెళ్లిపోయింది.

అడగడం ప్రమీల మేడం దగ్గర నేర్చుకున్నాను. ఆ రాత్రి డైరీలో కోడలి ఎదురుగా ఎకరం అని రాసి, అత్త ఎదురుగా ఏమీ రాయకుండా పెన్ను పక్కన పెట్టాను.