ఆరో మంచం చూసుకో

పోయిన మంగళవారం మదనపల్లెలో మోకాలికి ఆపరేషన్ చేయించుకున్నాను. మరునాడు పొద్దున నర్సు తలుపు దగ్గర నిలబడి, "ఆయమ్మా, ఈ అవ్వను సూసుకో" అనేసి వెళ్లిపోయింది. ఆయమ్మ గది మధ్యలో నిలబడి నా వైపు చూసింది. నన్ను లేపాలా, నడిపించాలా, కాఫీ ఇవ్వాలా? చూసుకో అన్న ముక్కలో ఇవేవీ లేవు. మోకాలి నొప్పి కాసేపు మరిచిపోయాను. ఆ ముక్క నాకు కొత్తది కాదు.

నేను పుంగనూరులో పదకొండేళ్లు, కుప్పంలో తొమ్మిదేళ్లు, మొత్తం ఇరవై ఏళ్లు వార్డు సిస్టరుగా చేశాను. పుంగనూరు వార్డులో సోమల నుంచి వచ్చే ఒక ఆయా ఉండేది. కొంగు నడుముకు బిగించి, మంచాల మధ్య సొంత చేలో నడిచినట్టు నడిచేది. ఆమె వస్తూంటే ఫినాయిల్ వాసన, వక్కాకు వాసన కలిసి వచ్చేవి. పని అప్పగించడంలో నాకొక పద్ధతి ఉండేది. ఎవరికి ఏం చేయాలో, ఏం చేయకూడదో, ఏం కనబడితే పరుగెత్తుకొచ్చి నాకు చెప్పాలో చెప్పేదాన్ని. తర్వాత ఆమె చేత అదంతా తిరిగి చెప్పించుకునేదాన్ని. పని అయ్యాక వెళ్లి కళ్లారా చూసేదాన్ని. ఇంజెక్షన్ మాత్రం ఎంత ఒత్తిడి ఉన్నా ఆమె చేతికి ఇచ్చేదాన్ని కాదు. మొదట్లో ఆమెకు ఇది నవ్వులాట. "సిస్టరమ్మా, నా మొగునితో గూడా ఇట్ల తిరిగి సెప్పించుకోనుంటే నా సంసారం ఎప్పుడో బాగుపడుండు" అనేది. పోనుపోను నేను అడగకముందే తనే తిరిగి అప్పజెప్పేది.

నేను కుప్పానికి మారాక నా చోట్లోకి ఇంకొక సిస్టరు వచ్చింది. నడుస్తూ నడుస్తూనే పని విసిరేసే మనిషి. ఒక పొద్దున వరండాలో పోతూ "ఆరో మంచం చూసుకో" అంది. ఆరో మంచంలో ఉన్నది గంగవరం రైతు. ఆ పూటే ఆపరేషన్, కడుపు ఖాళీగా ఉండాలి. ఆ సంగతి ఆయాకు ఎవరూ చెప్పలేదు. ఏం చూసుకోవాలని ఆమె వెంటపడి అడిగింది. "ఇన్నేండ్లుగా చేస్తాండావు, ఇంకా అడుగుతావా?" అని కసిరి పోయిందట సిస్టరు. రైతు ఆకలి అన్నాడు, ఈమె ఇడ్లీలు తెచ్చి పెట్టింది. థియేటరు గుమ్మంలో డాక్టరు అడిగితే అతను సంతోషంగా, "తింటి సామీ, సట్నీ బాగుండాది" అన్నాడు. అడగకుండా మత్తు ఇచ్చి ఉంటే ప్రాణం మీదికి వచ్చేది. ఆపరేషన్ ఆగింది. సాయంత్రానికి ఆయాను పనిలోంచి తీసేశారు.

విని, సెలవు పెట్టి, కుప్పం నుంచి బస్సెక్కి పుంగనూరు వచ్చాను. పని ఇంకొకరికి అప్పగించవచ్చు, బాధ్యత మాత్రం అప్పగించిన నర్సుదే అని ఆసుపత్రి మేనేజరుతో అన్నాను. ఆయన ఫ్యాను వైపు చూస్తూ విన్నాడు. "నిజమేనమ్మా. నర్సును తీసేస్తే ఇంకో నర్సు యాడ దొరుకుతుంది? ఆయాలైతే గేటు కాడ నిలబడుండారు" అన్నాడు. గేటు దగ్గర నిలబడి ఉన్నది ఆమే. "తిరిగి సెప్పాలనే వెనకాల పోతిని సిస్టరమ్మా. ఆ సిస్టరు నిలబడితే గదా!" అంది. తర్వాత మదనపల్లె మార్కెట్లో టమోటాలు ఏరే పనిలో చేరిందని తెలిసింది.

నిన్న కట్టు మార్చడానికి అదే నర్సు వచ్చింది. ఊరేదని అడిగాను. "సోమల అవ్వా. మాయమ్మ పుంగనూరులో ఆయాగా ఉండేది. ఆ పని పొయినాక టమోటాలు ఏరి నన్ను చదివించింది." నేనెవరో చెప్పాను. ఆ పిల్ల చేతులు ఆగిపోయాయి.

"మీరేనా మేడం! మాయమ్మ పొయ్యేదాకా మీ మాటే."

"ఇడ్లీల సంగతి తెలుసా?"

"తెలీకుండా ఎట్ల? అందుకే నన్ను నర్సును చేసింది. నీకు ఒకరు చెప్పేది గాదు, నువ్వే ఒకరికి చెప్పాల అనేది."

కట్టు చక్కగా కట్టింది, వంక పెట్టడానికి లేదు. చేతులు కడుక్కుని, తలుపు దాటుతూ, "ఆయమ్మా, నాలుగో రూము సూసుకో" అంటూ వరండాలో సాగిపోయింది. "ఏం సూసుకోవాల సిస్టరమ్మా?" అని వెనకనుంచి గొంతు వినిపించింది. జవాబు వినిపించలేదు.

కాలం సోమల ఆయా కూతుర్ని వరండాలో ముందు నడిచే మనిషిని చేసింది. వెనకనుంచి అడిగేవాళ్ల కోసం ఆగడం మాత్రం ఇన్నేళ్లయినా నేర్పలేదు.