మాస్టారి దాహం

మంచం పట్టిన మాస్టారిని చూసుకోవడానికి ఆయా ఆ మేడింట్లో కుదిరిన రోజే ఆయన కోడలు గిరిగీసినట్టు చెప్పింది. "ఆయన ఒంటిపనులన్నీ నీవే. వంటింటి గడప మాత్రం తొక్కకు. తిండీ నీళ్లూ నేను ఇస్తాను."

ఆయా తలూపింది. ఆమె తల్లీ అమ్మమ్మా నలుగురి పాకీదొడ్లు ఎత్తి బతికినవాళ్లే. ఈ కొలువుకు ఆ పుట్టుకే సిఫార్సు అయింది.

మాస్టారికి కుడిపక్క పడిపోయింది గాని నోరు పడిపోలేదు. ఆమె ఆయన్ని పక్కకు తిప్పి, మలం తుడిచి, వీపు పుండ్లకు మందు రాస్తుంటే పాఠం చెప్పేవాడు.

"దేవుడి నోట్లోంచి కొందరు పుట్టారే. భుజాల్లోంచి కొందరు, తొడల్లోంచి కొందరు, పాదాల్లోంచి కొందరు."

"మరి మేమో అయ్యగారూ?"

"ఆ ఒంట్లో మీకు చోటెక్కడిది?"

"అయితే మమ్మల్ని మా అమ్మలే కన్నారన్నమాట" అని ఆయా నవ్వింది. మాస్టారికి నవ్వు రాలేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కోడలు బయటికెళ్లి ఎంతకీ తిరిగి రాలేదు. మాస్టారికి జ్వరం కాస్తోంది. నీళ్లడిగాడు.

"అమ్మగారు వచ్చేస్తారు, కాస్త ఓర్చుకోండి."

ఆయన నాలుక పిడచకట్టుకుపోయింది. "చచ్చిపోతున్నానే. నీ దగ్గరున్నవే పొయ్యవే."

ఆయా తన సీసాలో నీళ్లు చెంచాతో పోసింది. చాలన్నదాకా ఆయన ఎడమచేత్తో ఆమె మణికట్టు వదల్లేదు.

కోడలు వచ్చి తడిసిన దిండు చూసింది. "నీళ్లెవరు పోశారు మామయ్యా?"

"వద్దు వద్దన్నా ఇదే పోసింది. కదల్లేనివాణ్ని, నేనేం చేయను?"

"అయ్యగారూ, జరిగింది చెప్పండి" అంది ఆయా. మాస్టారు కళ్లు మూసుకున్నాడు.

"ఏ చేత్తో పోశావే?" అంటూ కోడలు చీపురు తిరగేసి మొదలుతో కొట్టింది. ఆయా చిటికెనవేలు విరిగింది. ఆ సాయంత్రమే ఆమెను గెంటేశారు.

తర్వాత ఆ పనికి ఎవరూ కుదరలేదు. ఇంట్లోవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయేవారు. పుండ్లు కుళ్లి, పురుగులు పట్టి, నెల తిరక్కుండా మాస్టారు పోయాడు. ఆ సంగతి ఆ ఇంటి వాచ్‌మన్ దారిలో కనబడి చెబితే, ఆయా తన దారిన నడిచిపోయింది.

ఇంకో ఇంట్లో పనికి అడిగినప్పుడు కులం మార్చి చెప్పింది. అక్కడ ముసలమ్మకు అన్నీ చేస్తోంది. వంట కూడా ఆమె చేతిదే. ఒకరోజు వీధులూడ్చే ఆయా కూతురు, చీపురు భుజాన వేసుకుని, అమ్మను చూసి పోదామని గేటు దగ్గరికొచ్చింది.

"ఎవరది?" అని ఇంటావిడ మేడమీంచి అడిగింది.

"ఎవరో వీధులూడ్చే పిల్లండీ. మంచినీళ్లడుగుతోంది."

"అలాంటివాళ్లను గేటు దాటనివ్వకు."

"దాటనివ్వనండి" అంది ఆయా.

కూతురు అంతా విన్నది. తల్లి మొహం వైపు ఒకసారి చూసి, చీపురు సర్దుకుని వెళ్లిపోయింది. మళ్లీ తల్లి గడప తొక్కలేదు.