దానియేలు గారి రెండు కార్లు

కంకిపాడు దాటగానే కారులో పెట్రోలు వాసన తగిలింది. వెనక సీట్లో పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు. "ఇందాక బంకులో కొట్టించాంగా, అదే అయ్యుంటుంది," అన్నారు మా ఆయన. "ముందు ఇంజను ఆపండి!" అని అరిచి, పిల్లల్ని దింపి దూరంగా కాలవగట్టు మీదికి లాక్కెళ్లాను. తర్వాత వచ్చిన మెకానిక్ చీలిన పెట్రోలు పైపు చూపించి, "అదృష్టవంతులండీ," అన్నాడు. అదృష్టం కాదు, దానియేలు గారు.

నా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నంలో ఆయనది మా పక్కిల్లు. థర్మల్ కరెంటు కేంద్రంలో ఫోర్‌మన్. వన్ టౌన్ గోడౌనులో తుప్పు పట్టి పడున్న రెండు పాత జర్మన్ కార్లను కొని, తన చేతులతో బతికించుకున్నారు. ఒకటి పొడవాటి తెల్ల బెంజ్, రెండోది గుండ్రటి వీపున్న బీటిల్. ఆదివారం ఉదయం వాళ్లమ్మాయి సునీత బెంజ్ వెనక సీట్లో, గౌను నలగకుండా చర్చికి వెళ్లేది. మధ్యాహ్నం బీటిల్ పనికి ఆయన నన్ను పిలిచేవారు. మొదటిరోజు బానెట్ ఎత్తమంటే ముందువైపుది ఎత్తాను. లోపల స్టెప్నీ ఉంది. "ఇంజను వెనకుంటుందే మొద్దూ!" అని సునీత మేడ మీంచి పడీపడీ నవ్వింది. ఆ నవ్వుకీ, ఆ గౌనుకీ, ఆ బెంజ్ సీటుకీ ఎన్నేళ్లు కుళ్లుకున్నానో!

బీటిల్లో పెట్రోలు ట్యాంకు మన మోకాళ్ల ముందే ఉంటుంది. అందుకే తాళం తిప్పేముందు నాచేత వాసన చూపించేవారు. "ముందు ముక్కు, తర్వాత తాళం. వాసనొస్తే బండి దగ్గర నిలబడకూడదు," అనేవారు. ఒకరోజు ఉక్రోషం ఆపుకోలేక అడిగేశాను.

"నన్నెప్పుడు బెంజ్ ఎక్కిస్తారు అంకుల్?"

"అందులో ఏముందమ్మాయ్? కూర్చోవడమేగా," అన్నారు, స్పానర్ నా చేతికిస్తూ. కూర్చోవడమే కదా నాకు కావలసింది!

ఆయన పోయినప్పుడు వెళ్లాను. బెంజ్ తాళాలు సునీత గుప్పిట్లో ఉన్నాయి. అప్పుడు కూడా నా చూపు అక్కడికే పోయింది. సునీత నన్ను పక్కకి పిలిచి, "నాన్న నాచేత ఒక్క స్క్రూ అయినా తిప్పించలేదే. మేడ మీంచి మిమ్మల్నిద్దర్నీ చూసి ఎంత ఏడ్చేదాన్నో," అంది. ఓదార్చాల్సింది. లోపల సంతోషమేసింది. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఈ ఉదయం బాగుచేసిన కారు గుమ్మం ముందుకొచ్చింది. ముందు సీటు కోసం పిల్లలిద్దరూ తోసుకుంటున్నారు. పెద్దాడికి ఒక్కడికే వాసన చూడ్డం నేర్పుదామని, వాడి పేరు నోటిదాకా వచ్చింది. చిన్నది నా మొహంలోకే చూస్తోంది.

"ఇద్దరూ ఆగండి," అన్నాను. "ముందు ముక్కు, తర్వాత తాళం. ఇద్దరూ రండి, వాసన చూసి చెప్పండి."