అమ్మలు బయట కూర్చోవాలి

ఆ ఆటల క్లినిక్‌లో ఆమెను అందరూ భుజాలమ్మ అంటారు. ఫిజియోథెరపిస్టు. బంతులు విసిరి విసిరి భుజం పాడుచేసుకున్న పిల్లల్ని పరీక్షించడం ఆమె పని. చెయ్యి మెత్తన, నోరు మాత్రం అబ్బో! ముందుగా తల్లిదండ్రుల్ని గదిలోంచి పంపించేస్తుంది.

"మీ మొహం చూసి జవాబు చెబుతారండీ పిల్లలు. బయట కూర్చోండి" అంటుంది. అలిగిన తండ్రులున్నారు, తలుపు సందులోంచి తొంగిచూసి చివాట్లు తిన్న తల్లులున్నారు.

ఆమె పట్టుదల ఊరికే కాదు. ఎదిగే పిల్లలకు భుజం దగ్గర, ఎముక పొడవు పెరిగే చోట, మెత్తటి పొర ఒకటుంటుంది. అదే పనిగా బంతి విసిరితే ముందు దెబ్బతినేది అదే. కండ పట్టేసిందిలే అని వదిలేస్తే చెయ్యి ఎదుగుదలకే ముప్పు రావచ్చు. ఈ మాట ఎంతమందికి చెప్పిందో ఆమెకే లెక్క తెలియదు.

ఆమె కూతురికి పదమూడేళ్లు, హ్యాండ్‌బాల్ ఆడుతుంది. ఒక సాయంత్రం వంటింట్లోకి వచ్చి, "భుజం లాగుతోందమ్మా" అంది. మర్నాడే జట్టు ఎంపిక. పిల్లకు చోటు ఖాయమని తల్లి అప్పటికే క్లినిక్ అంతా చాటేసింది. తడిచెయ్యి తుడుచుకుని భుజం నొక్కింది.

"ఇక్కడ నొప్పి లేదు కదా? ఇక్కడా లేదు కదా?"

పిల్ల తల్లి మొహంలోకి చూసింది. "లేదమ్మా."

"కండ పట్టేసుంటుందిలే. ఐసు పెట్టుకో."

చోటు దొరికింది. తల్లి అందరికీ చాక్లెట్లు పంచింది. రెండు నెలలు తిరిగేసరికి, జడ వేసుకుందామంటే పిల్లకు చెయ్యి పైకి లేవలేదు.

సొంత పిల్లను తాను చూడకూడదనుకుని, ఈసారి తాను పని నేర్పిన కుర్ర ఫిజియో దగ్గరికి తీసుకెళ్లింది. ఆ అమ్మాయి నీళ్లు నమిలింది. "మేడమ్... మీరు కాస్త బయట కూర్చుంటారా?"

"నేనా?"

"మీరు నేర్పిందే కదా మేడమ్."

బయట బెంచీ మీద, కిందటి వారం తన చేత చివాట్లు తిన్న తల్లి కూర్చుని ఉంది. దెప్పిపొడిచినా బాగుండేది. ఆవిడ జరిగి చోటిచ్చి, "రండి, కూర్చోండి" అంది. భుజాలమ్మ ఆవిడకు మొహం చూపించలేకపోయింది.

ఎక్స్‌రే తీశాక లోపలికి పిలిచారు. తెర మీద రెండు భుజాలూ పక్కపక్కన ఉన్నాయి. ఎడమవైపు ఆ మెత్తటి పొర సన్నటి గీతలా ఉంది. కుడివైపు అదే గీత ఎడంగా విచ్చుకుని ఉంది. చూడగానే ఆమెకు అర్థమైంది.

"మూడు నెలలైనా బంతి ముట్టకూడదు మేడమ్. మామూలుగా మానిపోతుంది. ఎదుగుదల సంగతి మాత్రం కనిపెట్టుకుని చూడాలి. అప్పుడే వచ్చి ఉంటే..." కుర్ర ఫిజియో మిగతాది మింగేసింది.

తల్లి కూతురి వైపు తిరిగింది. "ఆ రోజు నొప్పుందని చెప్పొచ్చు కదే!"

"నువ్వు అడిగితే కదా అమ్మా. లేదు కదా, లేదు కదా అన్నావు."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. పిల్ల భుజం మీద వెయ్యబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇంకా ఏమైనా అడగాలా దీన్ని?" అంది కుర్ర ఫిజియోతో.

"రెండు మూడు విషయాలున్నాయి మేడమ్."

ఈసారి ఎవరూ చెప్పకుండానే లేచి వెళ్లి బెంచీ మీద కూర్చుంది.