గుడ్ల అట్ట వెనక కాగితం

అవనిగడ్డ బజారులో తడిసిన గుడ్ల అట్టల వాసన తగిలితే మేనత్త పనిచేసిన చిన్న రేడియో స్టేషన్ గుర్తొస్తుంది. బయటి చప్పుడు వినపడకుండా దాని గోడల నిండా ఆ అట్టలే అంటించారు. బడి అయ్యాక అత్తకు కాగితాలు అందించడం నా పని.

అత్త రేడియోలో "సముద్రంలో చేపల వేటకెళ్లొద్దు" అని చదివినప్పుడల్లా గాలివాన వచ్చేది. ఆమె చదవబట్టే వస్తోందనుకుని, ఒకరోజు ఆ హెచ్చరిక కాగితాన్ని అట్ట వెనక దాచేశాను.

అత్త వెతికి వెతికి, చివరికి ఫోన్‌లో కనుక్కుని చదివేసరికి బోట్లు సముద్రంలోకి వెళ్లిపోయాయి. పక్కింటి మావయ్య తిరిగి రాలేదు.

"కాగితం నేనే పారేసుకున్నానండీ," అని అత్త మేనేజరు గారితో చెప్పింది. నేను నోరు తెరవబోతే నా భుజం గట్టిగా నొక్కింది.

అత్త పోయి ఏళ్లయింది. మావయ్య భార్య మాత్రం ఇప్పటికీ నేను కనబడితే, "అన్నం తిన్నావా అమ్మా?" అని అడుగుతుంది. తిన్నానని చెప్పి వచ్చేస్తాను.