నలభై ఫోన్లలో ఒకే గొంతు

"మా అన్న సెప్పినాడు, నాను కొన్నాను. మధ్యలో నీకేటి?"

"మీ అన్న సచ్చిపోయి నాలుగు నెల్లయింది నాగరాజూ!"

"అయితే? సచ్చిపోయినోడికి అబద్ధమాడే పనేటి వదినా? బతికున్నోలు ఆడతారు గాని."

"ఓలమ్మా! ఈడికి నిజంగానే మతి పోనాది. పెళ్లం మెళ్లో గొలుసు తీసి అమ్మీసినావు కదరా!"

"అన్న సెప్తే తియ్యనా?"

కాశీబుగ్గలో నా సెల్ రిపేరు షాపు ముందు, మిట్టమధ్యాహ్నం జరిగిన గొడవ ఇది. లోపల ఒక ఫోను అద్దం ఊడదీస్తూ విన్నాను. అరుస్తున్న ఆవిడ మంగ, జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే మనిషి. నాగరాజు ఆమె మరిది. చచ్చిపోయినవాడు ఆమె భర్త పాపారావు, మందస దారిలో వాళ్ల ఊళ్లో ఒక సినిమా హీరో అభిమాన సంఘానికి ప్రెసిడెంటు. ముందురోజు ఆ పాపారావు తమ్ముడికి ఫోన్ చేసి కొత్త కార్డు కొనమన్నాడు. తమ్ముడు కొన్నాడు.

దయ్యమనుకుంటే వాళ్లు ఏ సోదెమ్మ దగ్గరికో పోయేవారు. నా దగ్గరికి వచ్చారు, ఎందుకంటే ఆ గొంతు ఫోన్లలోకి ఎక్కించింది నేనే.

ముందు మంగక్క సంగతి చెప్తాను. పదకొండో ఏట పిక్కల ముందు కూర్చుంది. ఇప్పుడు నలభై రెండు. జీడిపిక్క పగిలితే అందులోని నూనె చర్మాన్ని తినేస్తుంది. బూడిద రాసుకున్నా తింటుంది, కొబ్బరినూనె రాసుకున్నా తింటుంది. ఆమె వేళ్ల కొసలు నల్లగా, గాజుముక్కల్లా నున్నగా ఉంటాయి. గీతలు లేవు. రేషన్ డిపోలో మిషను మీద వేలు పెడితే అది ఒప్పుకోదు. "నాను మంగని కాదంటంది బాబూ ఇది. మరి మంగెవులో దాన్నే సెప్పమను" అని డిపోవాడిని ఆడుకునేది. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వేవాళ్లు. వాళ్లలో సగం మందికి గీతలు లేవు.

పాపారావన్న అదే ఫ్యాక్టరీలో బస్తాలు మోసేవాడు. హీరో పుట్టినరోజుకి రక్తదానం, రిలీజు రోజున పాలాభిషేకం, ఏ ఫ్లెక్సీ కట్టినా కింది వరసలో మొదటి మొహం ఆయనదే. హీరో పేరు రాయను. రాస్తే నా షాపు అద్దాలు మిగలవు. మంగక్కకి మాత్రం ఆ హీరో మీద ఏ అభిప్రాయమూ లేదు. "ఆయన సినిమాలో రౌడీల్ని కొడతాడు, మాయన బయట ఈలలు కొడతాడు. పిక్కలు మాత్రం నానే కొట్టాల" అనేది.

మూడేళ్ల కిందట ఆ హీరో ఒక వీడియోలో కనిపించాడు. తన బొమ్మలతో డిజిటల్ కార్డులు వస్తున్నాయట. చేత్తో పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఫోన్లో మెరుస్తాయి. ప్రతి కార్డుకీ ఒక నంబరు, అలాంటిది లోకంలో ఇంకోటి ఉండదట, రేపు దాన్ని పది రెట్లకి కొనేవాడు వస్తాడట. "నా తమ్ముళ్లకే ముందు ఇస్తున్నా. మిమ్మల్ని నేను మోసం చేస్తానా?" అన్నాడు గుండె మీద చెయ్యేసుకుని. పాపారావన్న ఆ వీడియో పట్టుకుని తిరిగి నలభై మందిని ఒప్పించాడు. చాలామంది ఫ్యాక్టరీవాళ్లే. హీరోని వాళ్లు ఎప్పుడో తెర మీద చూశారు, పాపారావన్నని రోజూ చూస్తారు. నమ్మింది పాపారావన్ననే.

ఖాతాలు తెరవడానికి అందరినీ నా షాపుకి తెచ్చాడు. యాప్ వేలిముద్ర అడిగింది. ఎవరిదీ పడలేదు. అయితే గొంతు ఇవ్వమంది. ఇరవై వాక్యాలు చదివితే ఇక ఆ గొంతే తాళం. ఫోన్ ముందు చదవమంటే ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. మగవాళ్లు తర్వాత వస్తామన్నారు. కొందరికి అసలు చదవడమే రాదు. "సాల్లెండి, అందరిదీ నానే సదివేత్తాను" అన్నాడు పాపారావన్న. రెండు రోజులు కూర్చుని నలభై సార్లు చదివాడు. రెండో రోజుకి గొంతు బొంగురుపోయి, వాక్యానికో దగ్గు దగ్గాడు. తప్పని నాకు తెలుసు. టెక్కలిలో ఇంజనీరింగు మూడో ఏడు దాకా వెలగబెట్టినవాణ్ణి, ఆమాత్రం తెలీదా? పని తొందరగా తెములుతుందని ఊరుకున్నాను.

ఆర్నెల్లు తిరిగేసరికి ఆ కార్డులు అడిగేవాడు లేడు. హీరో వీడియో మాయమైంది. అది ఒక ప్రకటన, ఆయన అందులో నటించారంతే అని ఆయన తరఫువాళ్లు ప్రకటించారు. ఆ సరుకేమిటో ఆయనకి తెలుసో లేదో నాకు తెలీదు. తెలుసుకోకుండా ఉండడానికి కూడా కలిపే డబ్బు తీసుకుని ఉంటాడు. బియ్యం బస్తా మీద ఆయన బొమ్మ ఉంటే కనీసం బియ్యమైనా ఉడుకుతాయి. ఇక్కడ తన మీద వీళ్లకున్న నమ్మకాన్నే వీళ్లకి అమ్మాడు.

పాపారావన్న ఆ తర్వాత ఎవరి మొహమూ సూటిగా చూడలేదు. అప్పటికే మా ఉద్దానం కిడ్నీ జబ్బు ఆయన్ని పట్టింది. డయాలిసిస్ మంచం మీద పడుకుని కూడా యాప్ తెరిచి, ధర లేచిందేమోనని చూసేవాడట. ఈ వేసవిలో పోయాడు.

పెద్దకర్మ అయిన వారానికి ఫోన్లు మొదలయ్యాయి. కంపెనీ చేతులు మారిందని విన్నాను. కొత్తవాళ్లు ఒక ఎత్తు వేశారు. తాళానికి ఇచ్చిన గొంతునే యంత్రానికి నేర్పి, ఎవరి గొంతుతో వాళ్లకే ఫోన్ చేయిస్తారు, మనిషి తన గొంతుని కాదనలేడని. మిగతా ఊళ్లలో ఎవడి గొంతు వాడికి వినిపించింది. మా నలభై ఫోన్లలో పాపారావు మాట్లాడాడు.

"నేను నీ మనసుని. కొత్త కార్డు వచ్చింది. మన హీరో అన్నయ్య నీ కోసం ఎదురు చూస్తున్నాడు."

మొదట్లో జనం నవ్వేద్దామని చూశారు. బతికుండగా పాపారావు ఏనాడూ 'చూస్తున్నాడు' అనలేదు. "సచ్చినాక సదువొచ్చిందిరా ఈడికి" అన్నారు. కానీ ఆ యంత్రం అవతలివాళ్ల మాట వింటుంది, నేర్చుకుంటుంది. నాగరాజు లాంటివాళ్లు దానితో గంటలు గంటలు మాట్లాడారు. రెండు వారాలకి అది 'సూత్తన్నాడు' అంది. ఇంకో వారానికి, మాటకి ముందు చిన్నగా దగ్గింది.

మంగక్క పిలిస్తే ఒకసారి ఫ్యాక్టరీకి వెళ్లాను. మధ్యాహ్నం ఒంటిగంట. గోడ మేకులకి అన్నం సంచులు వరసగా వేలాడుతున్నాయి, ఫోన్లు వాటిల్లోనే. ఉన్నట్టుండి ఒక సంచి మోగింది. తర్వాత దాని పక్కది. తర్వాత గోడంతా మోగింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి, నూనె చేతులు కదా, మోచేత్తో స్పీకరు నొక్కారు. పంతొమ్మిది ఫోన్లు. పంతొమ్మిదింటిలోనూ పాపారావు, ఒకడి వెనక ఒకడు, అర క్షణం తేడాతో. రేకుల కప్పు కింద ఒక్క మనిషి గుంపైపోయి మాట్లాడుతున్నట్టుంది. పని ఆగిపోయింది. మంగక్క ఒక్కతే తలెత్తకుండా పిక్కలు కొడుతోంది. నిండుగా రావాల్సిన పప్పు ఆమె చేతిలో ముక్కలు ముక్కలుగా వస్తోంది.

హేమలత అనే ఆవిడ ఫోన్లోంచి పాపారావు అన్నాడు: "అన్నం తిన్నావేటి?"

"ఇంకా నేదు బావా" అంది హేమలత, తల వంచుకుని.

ఆ యాప్ తీసిపారేస్తానన్నాను. ఒక్కరూ ఒప్పుకోలేదు. తీస్తే కార్డు కూడా పోతుందని కొందరు భయపడ్డారు. ఇంకొందరు కారణం చెప్పకుండా ఫోన్ కొంగులో దాచుకున్నారు. ఆ వారానికి కొత్త కార్డు కొన్నవాళ్లు పదకొండు మంది. నాగరాజు పన్నెండోవాడు.

గొడవపడి నాగరాజు విసవిసా వెళ్లిపోయాక, మంగక్క షాపులోకి వచ్చి పాపారావు ఫోన్ బల్ల మీద పెట్టింది.

"బతికినన్నాల్లూ ఆడు ఒకల సొమ్ము తినలేదు బాబూ. సచ్చినాక ఆడి నోటితో తింతన్నారు. దీన్నాపు."

ఖాతా మూయాలంటే ఒకటే దారి. తాళం వేసిన గొంతే వద్దని చెప్పాలి. ముందు ఆయన ఖాతాతో చూద్దాం, అది మూసుకుంటే మిగతావీ అంతే అనుకున్నాను. డయాలిసిస్ మంచం మీంచి ఆయన ఆమెకి పంపిన ఆఖరి వాయిస్ మెసేజీ ఉంది. దాన్ని నా ఫోన్లోకి తీసుకుని, పాపారావన్న ఫోన్లో యాప్ తెరిచి, పక్కన పెట్టి వినిపించాను.

"వొద్దే మంగా. ఇంక సాలు. వొద్దు."

పైన ఫ్యాను తిరుగుతోంది. తర్వాత బల్ల మీది ఫోన్ అదే గొంతుతో, మెల్లగా అడిగింది.

"ఎందుకే మంగా వొద్దు?"

పేరు రికార్డింగులోంచి పట్టుకుంది, అంతే. వద్దన్నవాణ్ణి ఎందుకని అడగమని దానికి నేర్పి ఉంటారు. నాకు తెలుసు. తెలిసి కూడా బల్ల దగ్గర్నించి వెనక్కి జరిగాను.

మంగక్క వంగి దానికి జవాబు చెప్పింది. "సూదులు నొప్పెడతన్నాయన్నావు కదా."

"ఇప్పుడు నొప్పి నేదే."

"నిజమేనా?"

"నిజమే. కొత్త కార్డు..."

ఫోన్ కట్టేశాను. ఆమె నా వైపు చూసిన చూపు ఇంకా పోలేదు. ఒక మనిషి నోరు నొక్కినవాణ్ణి చూసినట్టు చూసింది.

"అక్కా, నీ గొంతు రికార్డు చేద్దాం" అన్నాను. "ఆయన చచ్చిపోయాడు, ఆ ఫోన్లు నమ్మొద్దని నువ్వే చెప్పు. నలభై మందికీ పంపిస్తాను."

"నా గొంతు దేన్లోనూ ఎక్కించకు. ఇంటింటికీ నానే ఎల్తాను. ఎదురుగ నిలబడి సెప్తాను. ఆడు పోనాడు, నా సేత్తో నీల్లోసినాను, అది ఆడు కాదు అని."

పొద్దున్నే మొదలుపెడతానంది. మెట్లు దిగింది. దిగి, అక్కడే నిలబడి, వెనక్కి తిరిగింది.

"నువ్వు నాతో రా బాబూ. నాను సెప్తన్నప్పుడు ఆలింట్లో ఫోన్ మోగితే నువ్వెత్తు. ఎత్తి, నాకినపడకుండా బయటికి పట్టుకుపో. ఇంకోపాలి ఆడి గొంతింటే నానూ నమ్మేత్తాను."